భార్య స్టీరింగ్ మీద, భర్త రాళ్ల మీద: రాక్ క్రాలింగ్ పోటీకి జంటగా సిద్ధమయ్యేది ఎలా?

నెమ్మదిచక్రం అడిగారు:

రాక్ క్రాలింగ్, అంటే పెద్ద రాళ్ల మీదుగా బండిని మెల్లగా పాకించే పోటీకి మేమిద్దరం జంటగా పేరిచ్చాం. బండి నేను నడుపుతాను, మావారు స్పాటర్, అంటే కింద నిలబడి దారి చెప్పేవారు. 2005 జీప్ రాంగ్లర్ టీజే రుబికాన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ముందూ వెనకా లాకర్లు (యాక్సిల్ రెండు టైర్లనూ కలిపి తిప్పేవి), 35 అంగుళాల టైర్లు. యాక్సిల్ గేర్లు కంపెనీతో వచ్చిన 4.10 అలాగే ఉన్నాయి. రిమ్ములు మామూలువే, టైరు అంచును బిగించి పట్టే బీడ్‌లాక్ రకం కాదు. మేం దిగే క్లాసు స్టాక్‌కు, అంటే కంపెనీ నుంచి వచ్చిన బండికి, దగ్గరది కాబట్టి వెనక స్టీరింగ్ లాంటివి లేవు.

ట్రెయిల్ మీద ఇబ్బంది లేదు. దారికి హద్దుగా కోన్లు నిలబెట్టి, 10 నిమిషాల గడియారం పెట్టేసరికి మాత్రం ఇద్దరి మాటా కలవడం లేదు. ఆయన ‘ఎడమ’ అంటే ఎవరి ఎడమో తేల్చుకునేలోపు టైరు జారిపోతోంది. ‘ఆగు’ అన్నారో ‘లాగు’ అన్నారో ఇంజన్ మోతలో తెలియడం లేదు.

మాటలు, సైగలు ఎలా ఖాయం చేసుకోవాలి? లైను, అంటే టైర్లు పోవాల్సిన దారి, విషయంలో ఆఖరి మాట ఎవరిది? టైర్లలో గాలి ఎంత ఉంచాలి? ఈ బండిలో ముందుగా విరిగేది ఏది? వెనక్కి తీస్తే పెనాల్టీ పాయింటు పడుతుందని తీయకుండా లాక్కుపోవడం మంచిదా, కాదా?

చేతిసైగ:

ముందు మాటల సంగతి చూద్దాం, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. ఆగు, లాగు, సాగు: మూడింటికీ ఒకటే తూగు. మొదటి అక్షరాన్ని ఇంజన్ మింగేస్తే చెవికి చేరేది ‘గు’ ఒక్కటే. ఆపే మాటా నడిపే మాటా ఒకేలా వినపడితే ఎంత అనుభవం ఉన్నా లాభం లేదు. ‘ఆగు’ను పూర్తిగా వదిలేయండి. ‘స్టాప్’ అనండి. ఆ మాట చివర పెదవులు మూసుకుంటాయి కాబట్టి చప్పుడులో వినపడకపోయినా మొహం చూస్తే తెలిసిపోతుంది.

రెండోది క్రియాపదాలు. ఇంట్లో మాట్లాడే తీరు కోర్సులోకి వస్తే చిక్కు. ఆయన ‘రా, రా, ఇంకా రా’ అని గొంతు పెంచితే కసిరినట్టుంటుంది. ఎప్పుడైనా స్థానాలు మారి మీరు స్పాటింగ్ చేస్తే ‘ఆగండి, కొంచెం ఇటు తిప్పండి’ అని పూర్తిచేసేలోపు టైరు ఎక్కకూడని రాయి ఎక్కేస్తుంది. అందుకని క్రియలు తీసేసి దిక్కు, కొలత మాత్రమే పలకండి. నువ్వు, మీరు అన్న పట్టింపే ఉండదు, అరిచినా అరుపులా తగలదు.

వాడదగిన మాటలు ఇవి. ముందు టైర్లు స్టీరింగ్ ఉన్న వైపు తిరగాలంటే ‘డ్రైవర్’. అవతలి వైపుకు ‘పాస్’. ప్యాసింజర్ అని పూర్తిగా అనకండి, డ్రైవర్, ప్యాసింజర్ రెండూ ‘ర్’తోనే ముగుస్తాయి, మళ్లీ మొదటి గొడవే. కుడి, ఎడమ, అటు, ఇటు అన్న నాలుగు మాటలూ నిషేధం, ఎందుకంటే ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికి వాటి అర్థం తిరగబడుతుంది. కొలతకు ‘పావు’, ‘సగం’, ‘ఫుల్’. ‘పావు పాస్’ అంటే స్టీరింగ్ చక్రం ఇప్పుడున్న చోటి నుంచి పావు చుట్టు పాస్ వైపుకు అని అర్థం, మధ్య నుంచి లెక్క కాదు. ఈ ఒక్కటి ముందే తేల్చుకోకపోతే రోజంతా తప్పుతూనే ఉంటుంది. టైర్లు తిన్నగా కావాలంటే ‘సూటి’. కదలికకు ‘ముందు’, ‘వెనక’. బ్రేకు వదిలి ఇంజన్ ఐడిల్ మీదే పాకాలంటే ‘మెల్ల’, యాక్సిలరేటర్ కావాలంటే ‘రేస్’. ‘కొంచెం’ వద్దు. అది పావా, అర్ధపావా అన్నది ఎవరికీ తెలియదు.

సైగలకు వస్తే, బిగించిన పిడికిలి అంటే స్టాప్. ముందు టైర్లు ఎటు తిరగాలో అటు చేయి భుజం నుంచి పూర్తిగా చాచాలి. డ్రైవర్ ఆ చేయి చూపిన దిక్కుకే తిప్పాలి, మనసులో కుడి ఎడమలు తర్జుమా చేసుకోకూడదు. వేళ్లు తనవైపు ముడిస్తే ముందుకు, అరచేతులు బండివైపు తోస్తే వెనక్కి. కోనుకు ఎంత దూరముందో రెండు అరచేతుల మధ్య ఖాళీగా చూపించాలి. ఒకేసారి రెండు సైగలు ఇవ్వకూడదు: ముందు స్టీరింగ్, అది తిరిగాక కదలిక. నోటిమాటా చేతిసైగా కలవకపోతే డ్రైవర్ చేయాల్సింది ఆపడమే.

ఆఖరి మాట ఎవరిదన్నారు. దాన్ని ఒకరికే ఇవ్వకండి, పంచుకోండి. టైరు ఏ రాయి మీద పడాలన్నది స్పాటర్ మాట, ఆయనకు కనపడుతుంది, మీకు కనపడదు. పెడల్ డ్రైవర్ మాట, బండి ఒరుగు మీ నడుముకు తెలుస్తుంది, ఆయనకు తెలియదు. ‘స్టాప్’ మాత్రం ఇద్దరిదీ. ఎవరన్నా ఆగాల్సిందే, ఎందుకని అడిగేది ఆగాకే.

జంటలు ప్రత్యేకంగా చూసుకోవలసింది ఒకటుంది. ఏళ్ల తరబడి కలిసి ఉన్నవాళ్లు ఎదుటివారి వాక్యం తామే పూర్తిచేస్తారు. కోర్సు మీద అదే అలవాటు దెబ్బతీస్తుంది: స్పాటర్ నోరు తెరవగానే డ్రైవర్ ఊహించి తిప్పేస్తారు. దీనికి విరుగుడు సాధన ఒక్కటే. చదును నేల మీద ఒక చెక్క పెట్టి, దాని మీద సుద్దతో గీత గీయండి. డ్రైవర్ చెక్కను చూడకుండా, మాట మీదే నడిపి, పాస్ వైపు ముందు టైరును గీత మీద ఆపాలి. తేడా 5 సెంటీమీటర్లు దాటకూడదు. వరసగా పదిసార్లు వచ్చాక వెనక టైరుతో చేయండి, అది ఇంకా కష్టం. ఆ తర్వాత మాట మానేసి సైగలతోనే. చివర ఒక అరగంట స్థానాలు మార్చుకోండి. ఎదుటివారికి ఏది కనపడదో అప్పుడు అర్థమవుతుంది.

యూజాయింట్:

బండి సంగతి నేను చెప్తాను.

క్రాల్ నిష్పత్తి అంటే మొదటి గేరు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే పెట్టె) ‘లో’ రేంజ్, యాక్సిల్ గేరు మూడింటి నిష్పత్తుల గుణకారం. మీ ఆటోమేటిక్‌లో మొదటి గేరు 2.84. దాన్ని ‘లో’ రేంజ్ 4తో, యాక్సిల్ 4.10తో గుణిస్తే 46.6. అదే ఏడాది మాన్యువల్ గేర్‌బాక్స్ మొదటి గేరు 4.46, దానికి 73.1 వస్తుంది. కంపెనీ టైరు 31 అంగుళాలకు కాస్త తక్కువ, మీరు వేసింది 35. అంటే మీ 4.10 గేరు నేల మీద 3.6లా పనిచేస్తోంది. యాక్సిల్‌లో 5.13 గేర్లు వేస్తే 58.3 అవుతుంది, మార్చే వీలుంటే మొదట మార్చాల్సింది అదే.

మార్చకుండా దిగేటట్టయితే రెండు కాళ్లతో నడపడం నేర్చుకోండి. ఎడమకాలు బ్రేకు మీద, కుడికాలు యాక్సిలరేటర్ మీద. బ్రేకు నొక్కి ఉంచి ఇంజన్‌ను 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎం దాకా తెచ్చి, బ్రేకును వెంట్రుకవాసి వదలండి. టైరు రాయిని పట్టి మెల్లగా ఎక్కుతుంది, పైకి రాగానే మళ్లీ బ్రేకే ఆపుతుంది. బ్రేకు లేకుండా రేస్ ఇస్తే బలం చాలేదాకా కదలదు, ఎక్కాక దూకుతుంది. ఆ దూకుడులోనే వెనక టైరు కోనును కొడుతుంది. అయితే బ్రేకు పట్టి రేస్ ఇస్తున్నంతసేపూ టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) నూనె కాగుతూనే ఉంటుంది. కొన్ని సెకన్లకు మించి అలా పట్టకండి. కోర్సుకూ కోర్సుకూ మధ్య న్యూట్రల్‌లో ఇంజన్ నడవనిచ్చి నూనె చల్లారనివ్వండి. గేర్‌బాక్స్‌కు విడిగా కూలర్, ఉష్ణోగ్రత మీటరు ఉంటే ధైర్యం.

ముందుగా విరిగేది ముందు యాక్సిల్ షాఫ్ట్ జాయింట్. కారణం ఇది: స్టీరింగ్ ఫుల్ తిప్పినప్పుడు జాయింట్ బాగా వంగి పనిచేస్తుంది. లాకర్ వేసి ఉంటే ఆ ఒక్క టైరు మీదికే మొత్తం బలం రావచ్చు. టైరు రాళ్ల మధ్య ఇరుక్కుని తిరగకపోతే ఆ బలమంతా జాయింట్ క్యాపుల మీద పడుతుంది. క్లిప్పు ఊడుతుంది, క్యాపు బయటికి జరుగుతుంది, ఆ క్యాపును పట్టుకునే షాఫ్ట్ చెవి విచ్చుకుంటుంది, తర్వాతి రేస్‌కే చెవి తెగుతుంది. కాబట్టి ఫుల్ తిప్పిన స్టీరింగ్, లాకర్, రేస్ మూడూ ఒకేసారి వద్దు. ఎక్కే ముందు ‘పావు సూటి’ చేసుకుని, అంటే చక్రాన్ని పావు చుట్టు తిన్ననివైపుకు తెచ్చుకుని, అప్పుడు రేస్ ఇవ్వండి.

స్పాటర్ చూడాల్సిన గుర్తు: టైరు పక్కగోడ రాయికి ఆని ఉబ్బుతుంది, టైరు తిరగదు, బానెట్ మాత్రం వణుకుతుంది. ఆ వణుకు కనపడగానే స్టాప్. ఇంకో గుర్తు టైరు గంతులేయడం. రెండో గంతుకే కాలు తీసేయాలి. గాలిలో తిరుగుతూ వచ్చిన టైరు రాయిని పట్టినప్పుడు తగిలే దెబ్బకు డ్రైవ్‌షాఫ్టులు, యాక్సిల్ లోపలి చిన్న గేరు (పినియన్) పళ్లు పోతాయి. అమెరికాలోని మోయాబ్ లాంటి చోట్ల ఇసుకరాయి ఉప్పుకాగితంలా గరుకుగా ఉండి టైరును వదలదు, జారి తప్పించుకునే వీలుండదు కాబట్టి అక్కడ విరుగుళ్లు ఎక్కువ. దుమ్ముపట్టిన నున్నటి గ్రానైటు మీద జారుడు ఎక్కువ.

స్టాక్ షాఫ్టుల్లో సగం చుట్టు క్లిప్పులుంటాయి. నిండు చుట్టు స్నాప్ రింగులు పట్టే క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు) షాఫ్టులకు మారితే ఈ బెడద చాలా తగ్గుతుంది. ముందు టైర్లు రెండింటినీ కలిపే టీజే టై రాడ్ సన్నం, రాయి తగిలితే వంగి టైర్లు రెండూ రెండు దిక్కులు చూస్తాయి. లావు రాడ్ వేయండి, లేదా పాతది ఒకటి చివర్లతో సహా వెంట ఉంచుకోండి.

వెంట ఉండాల్సినవి: జాయింట్ బిగించి సిద్ధంగా ఉన్న ముందు షాఫ్టులు ఒక్కో వైపుకు ఒకటి, ముందు డ్రైవ్‌షాఫ్ట్, ఒక హబ్ యూనిట్, పవర్ స్టీరింగ్ గొట్టం, నూనె, 36 మిల్లీమీటర్ల సాకెట్, హబ్ బోల్టులకు 12 మూలల 13 మిల్లీమీటర్ల సాకెట్, టార్క్ రెంచి. యాక్సిల్ నట్టు బిగింపు 175 ఫుట్‌పౌండ్లు, హబ్ బోల్టులు 75. షాఫ్ట్ విరిగి లోపలి ముక్క తీసేసినా బయటి ముక్కను హబ్‌లోనే ఉంచి నట్టు పూర్తి టార్క్‌కు బిగించాలి. అది లేకుండా బండి బరువు మోపి కదిలిస్తే హబ్ బేరింగ్ విడిపోతుంది.

గాలి: బీడ్‌లాక్ లేదు కాబట్టి 12 పీఎస్ఐతో మొదలుపెట్టండి. వెనక బరువు తక్కువ, అక్కడ 11 చాలు. 10 కంటే దిగితే పక్కవాలులో టైరు అంచు రిమ్మును వదిలేసే ప్రమాదం పెరుగుతుంది. బీడ్‌లాక్ ఉంటే ఇదే బండికి 6 నుంచి 8 పెట్టవచ్చు. 60 దాకా చూపించే మీటరుతో 12 కొలవడం దండగ, 15 లేదా 20 వరకే ఉన్న మీటరు కొనండి. ఎండ కూడా లెక్కలోకి వస్తుంది: ఉదయం 15 డిగ్రీల దగ్గర 10 పెట్టిన టైరు మధ్యాహ్నం 40 డిగ్రీలకు 12 చూపిస్తుంది. ప్రతి కోర్సు ముందూ కొలవాలి.

కోన్10:

పాయింట్ల లెక్క తెలియకపోతే పైన చెప్పినవన్నీ సగమే పనికొస్తాయి. రాక్ క్రాలింగ్‌లో తక్కువ పాయింట్లు వచ్చినవారే గెలుస్తారు. చాలా రూల్‌బుక్కుల్లో వెనక్కి తీస్తే 1, కోను తగిలితే 10, కోర్సుకు గరిష్ఠం 40. అది చేరితే ఆ కోర్సు అక్కడితో సరి. రెండు కోన్ల మధ్య దారిని గేటు అంటారు, కష్టమైన లైను ఎంచుకుంటే బోనస్ గేట్ల వల్ల పాయింట్లు తగ్గుతాయి. మీ పోటీ రూల్‌బుక్‌లో ఈ నాలుగు అంకెలు చూసుకుని స్పాటర్ చేతి మీద రాసుకోవాలి.

ఆ లెక్కే మీ చివరి ప్రశ్నకు జవాబు. ఒక కోను ఖరీదుకు పదిసార్లు వెనక్కి తీయవచ్చు. కొత్త డ్రైవర్లు 1 పాయింటుకు భయపడి, తప్పు కోణంలో పడ్డ బండిని ముందుకే లాగి 10 తెచ్చుకుంటారు. నా మాట: సందేహం వచ్చిన క్షణంలోనే వెనక్కి. అయితే తీస్తే సరిగ్గా తీయండి. అరడుగు వెనక్కి, మళ్లీ ముందుకు, మళ్లీ అరడుగు వెనక్కి అంటే రెండు పాయింట్లు పోయి కోణం మాత్రం మారదు. ఒకేసారి టైరు చుట్టంత దూరం వెనక్కి వస్తే 1తో పని అవుతుంది. వెనక్కి తీసే ముందు స్పాటర్ బండి వెనకకు చేరాలి, ఎందుకంటే దాటేసిన గేటు కోను వెనక టైరు పక్కనే ఉంటుంది.

కోనును కొట్టేది ఎక్కువసార్లు వెనక టైరే. దీనికి లెక్కుంది. మీ బండి వీల్‌బేస్ 93.4 అంగుళాలు, అంటే 2.37 మీటర్లు. ముందు టైరు 5.5 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంటే వెనక టైరు 4.96 మీటర్ల వ్యాసార్ధంలో వస్తుంది. అంటే అరమీటరుకు పైగా లోపలికి కోసుకుంటూ వస్తుందన్నమాట. ముందు టైరు కోనుకు జానెడు దూరంలో బాగానే పోయిందని స్పాటర్ ముందుకు నడిచేస్తారు, వెనక టైరు దాన్ని తొక్కుతుంది. పక్కవాలు ఉంటే వెనక భాగం పల్లానికి జారడం కూడా కలుపుకోండి. లోపలి కోను దగ్గర ముందు టైరుకు కనీసం 60 సెంటీమీటర్లు వదిలి ప్రవేశించాలి. ముందు టైర్లు గేటు దాటగానే స్పాటర్ చూపు వెనక టైరుకు మారాలి.

కోర్సు నడిచి చూసేటప్పుడు చివరి గేటు నుంచి మొదటికి నడవండి. చివరి గేటులోకి ఏ కోణంలో రావాలో తెలిస్తే దానికి ముందు గేటు నుంచి ఎలా బయటపడాలో తెలుస్తుంది. ముందు నుంచి నడిస్తే మొదటి గేటుకు అందమైన లైను దొరుకుతుంది, మూడోదానికి అది గోడకు కొడుతుంది. ప్రతి ముఖ్యమైన రాయికీ పేరు పెట్టుకోండి: దిండు, పన్ను, మెట్టు, ఏదైనా. ‘పాస్ ముందు, దిండు మీద’ అంటే రెండు సెకన్లలో ఇద్దరికీ ఒకే బొమ్మ కనపడుతుంది. డ్రైవర్ ఆ రాళ్ల దగ్గర సీటు ఎత్తుకు చూపు పెట్టి చూడాలి. నిలబడి చూసిన కోర్సు, బానెట్ వెనక నుంచి చూసిన కోర్సు ఒకటి కావు.

గడియారం స్పాటర్ దగ్గర. 5 నిమిషాలకు ఒకసారి, 8కి ఒకసారి, 9కి ఒకసారి చెప్పాలి. ప్రతి నిమిషం చెప్తే డ్రైవర్ కాలు బరువెక్కుతుంది. బోనస్ గేటు వదిలేయాలా అన్నది నడకలోనే తేల్చుకోండి: ‘6 నిమిషాలు దాటితే బోనస్ లేదు’ అని. కోర్సులో ఆగి చర్చించుకునే తీరిక ఉండదు.

నెమ్మదిచక్రం:

చాలా సాయమైంది. ‘పాస్’, ‘డ్రైవర్’ ఈరోజే మొదలుపెడతాం. ఇంకో మూడు అడుగుతాను. మా క్లాసులో స్పాటర్ తాడు పట్టుకోవచ్చని రాసుంది. మావారి బరువు 82 కిలోలు, బండి ఒరిగితే ఆపగలరా, ఎక్కడ కట్టాలి? హెల్మెట్‌లో ఇంటర్‌కామ్ పెట్టుకుంటే సైగల అవసరం తగ్గుతుందా? టైర్లలో నీళ్లు నింపితే బండి కుదురుగా ఉంటుందంటారు, చేయమంటారా?

యూజాయింట్:

నీళ్ల సంగతి ఒక్క మాటలో: మీ షాఫ్టులు మార్చేదాకా వద్దు. 35 అంగుళాల టైరులో సగానికి పైగా నీళ్లు పోస్తే ఒక్కోదానికి 60 కిలోలకు పైనే చేరుతుంది. బరువు కిందికి దిగడం నిజమే, నిటారు ఎక్కుడులో ముక్కు లేవకుండా ఉండటమూ నిజమే. కానీ తిరిగే బరువు పెరిగితే టైరు ఠక్కున ఆగినప్పుడు జాయింట్ మీద పడే దెబ్బ కూడా పెరుగుతుంది. స్టీరింగ్‌కూ బ్రేకులకూ అదే భారం.

తాడుచివర:

తాడు గురించి జాగ్రత్తగా చదవండి, ఈ చర్చలో మనిషికి దెబ్బ తగిలే విషయం ఇదే.

బండి ఒరిగి సమతూకం మీద నిలబడినప్పుడు దాని బరువంతా పల్లం వైపు టైర్ల నెత్తిన ఉంటుంది. ఆ ఒక్క క్షణంలో కొద్ది పదుల కిలోల లాగుడు కూడా దాన్ని వెనక్కి తెస్తుంది. 82 కిలోల మనిషి అందుకు చాలు. సమతూకం దాటి ఒక చేతి మందం వాలినా, టన్నున్నర దాటిన బండి బరువు కలిసి లాగుతుంది. అప్పుడు ఎవరూ ఆపలేరు, తాడు వదిలేయడమే. అందుకని తాడు పని పడబోయే బండిని పట్టుకోవడం కాదు. ఒరగకముందే బిగువుగా పట్టి, టైరు కాటు కుదిరేదాకా నిలపడం.

కట్టాల్సింది రోల్ కేజ్ (బండి దొర్లినా లోపలివారిని కాపాడే ఇనుప చట్రం) పై మూలల్లో, ఎత్తు ఎంతుంటే పట్టు అంత. మిట్టవైపు నిలబడి లాగాలి, పల్లంవైపు ఎప్పుడూ కాదు. తాడు చివర ముడి ఉండవచ్చు, ఉచ్చు ఉండకూడదు. మణికట్టుకు చుట్టకూడదు, నడుముకు కట్టకూడదు. నేల మీద మిగిలిన తాడు కాళ్ల మధ్య పడకుండా చూడాలి, వెనక టైరు తొక్కితే తాడు మనిషిని బండి కిందికే లాగుతుంది. గట్టి తోలు చేతితొడుగులు, మడమ కప్పే మెత్తటి రబ్బరు అడుగు బూట్లు, హెల్మెట్. తాడు పట్టుకుంటే కూడా కొన్ని చోట్ల పాయింటు పడుతుంది, అది కూడా చూసుకోండి.

నిలబడే చోటు: బండికీ రాయికీ మధ్య ఎన్నడూ కాదు. బండి జారితే, దొర్లితే ఎటు పోతుందో చూసి, ఆ దారికి బయట. ప్రతి అడుగుకు ముందు తప్పుకునే దారి చూసుకోవాలి. వెనక్కి నడుస్తూ స్పాటింగ్ చేయకూడదు. స్టాప్ అని, తిరిగి నడిచి, కుదురుగా నిలబడి, అప్పుడు మళ్లీ మొదలు. స్పాటర్ కాలు జారి డ్రైవర్ కంటికి కనపడకుండా పోతే డ్రైవర్ బ్రేకు తొక్కి ఉండిపోవాలి, మళ్లీ మొహం కనపడేదాకా అంగుళం కదలకూడదు. భర్తో భార్యో బండి లోపల ఉన్నారు కాబట్టి పడబోయే బండికి భుజం ఆనించాలని ఒళ్లు దానంతటదే ముందుకు వెళ్తుంది. ఆ కదలికను మానుకోవడం సాధన చేయాలి: డ్రైవర్ ‘పోతోంది’ అనగానే స్పాటర్ తాడు వదిలి మిట్టవైపు నాలుగు అడుగులు వేయాలి. ఆగి ఉన్న బండి దగ్గర ఇరవైసార్లు చేసి చూడండి. లోపల ఉన్నవారిని కాపాడాల్సింది కేజ్, బెల్టులు.

చేతిసైగ:

ఇంటర్‌కామ్ మంచిదే, మీ పోటీ ఒప్పుకుంటే. ఒక్క చిక్కు చూడండి. గొంతు వినపడగానే తనంతట తెరుచుకునే రకం మైకు మాటలో మొదటి ముక్క మింగేస్తుంది. ‘డ్రైవర్’ పోయి ‘వర్’ మిగులుతుంది. మీట నొక్కి మాట్లాడే రకానికి స్పాటర్ చేయి ఒకటి పోతుంది. ఎప్పుడూ తెరిచి ఉండే రెండువైపుల రకమే తీసుకోండి. అందులో ఇద్దరి ఊపిరీ వినపడుతుంది, డ్రైవర్ ‘పోతోంది’ అన్నది కూడా అప్పుడే చేరుతుంది. అయినా సైగలు మానకండి. సగం కోర్సులో బ్యాటరీ పోతే చేయే దిక్కు.

అమెరికాలో జరిగే కింగ్ ఆఫ్ ద హ్యామర్స్ లాంటి రాక్ రేసుల్లో చూసి కొందరు ఈ పద్ధతి తెచ్చుకుంటారు. అక్కడ కో-డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని జీపీఎస్ చదువుతారు, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) అవసరమైతేనే దిగుతారు. అందుకే అక్కడ ఇంటర్‌కామే ప్రాణం. ఇక్కడ స్పాటర్ కాలినడకన ఉంటారు, ఆయన ఒళ్లే ఒక సైగ. ఎటు నిలబడ్డారో అటే లైను అని డ్రైవర్ కన్ను అనుకుంటుంది. కాబట్టి బండి రాకూడని దిక్కులో నిలబడి చేయి చాచకండి.

కోన్10:

తాడుచివర గారు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను, లోపల కూర్చునే ఆవిడ కోసం. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు చక్రం లోపలికి పెట్టకండి, అంచు మీదే ఉంచండి. టైరు రాయికి తగిలి చక్రం గిర్రున తిరిగితే చక్రం అడ్డకడ్డీ బొటనవేలిని విరిచేస్తుంది. బండి దొర్లేటప్పుడు చేయి బయటికి వెళ్లడం ఎవరి వశంలోనూ ఉండదు. అందుకే చేతిపట్టీలు గానీ కిటికీ వల గానీ తప్పనిసరి. ఐదు పాయింట్ల బెల్టులో నడుము పట్టీ ముందు బిగించి, తర్వాత భుజం పట్టీలు లాగండి. తారుమారు చేస్తే నడుము పట్టీ పొట్ట మీదికి ఎక్కుతుంది. స్థానాలు మార్చుకుంటే ఆయన కొలతకున్న బెల్టు మీకు వదులు, మీ కొలతది ఆయనకు చాలదు. పట్టీల మీద ఇద్దరి కొలతలకూ రెండు రంగుల గీతలు పెట్టుకోండి.

నెమ్మదిచక్రం:

నడుము పట్టీ ముందు అన్నది ఇప్పుడే సరిచేసుకున్నాను, ఇన్నాళ్లూ భుజాలే ముందు బిగిస్తున్నాను. 5.13 గేర్లకు పోటీలోపు వీలుకాదు, ఈ ఏటికి ఎడమకాలు బ్రేకే. సుద్దగీత సాధనలో ముందు టైరు కుదిరింది, వెనక టైరు ఇంకా 20 సెంటీమీటర్లు తప్పుతోంది.

చేతిసైగ:

వెనక టైరు తప్పుతోందంటే స్పాటర్ ముందే నిలబడి చెప్తున్నారేమో చూడండి. వెనక టైరుకు చెప్పేటప్పుడు ఆయన వెనక బంపరు మూలకు రావాలి, మీరు అద్దంలో ఆయన చేతిని చూడాలి. అద్దంలో కూడా చేయి చాచిన వైపే చక్రం తిప్పాలి, ఆ నియమం మారదు. డ్రైవర్ వైపు అద్దంలో కుదిరాకే పాస్ వైపుకు వెళ్లండి.